మ్యాన్‌హోల్ మీద కూర్చున్న అక్క

అంకాలమ్మ ఏం పని చేస్తుందని అడిగితే ఆమె పాళెంలో ఎవరికీ సరిగ్గా చెప్పడం రాదు. "ఫ్యాక్టరీలో కూర్చోనుంటాది" అంటారు. అందులో కొంత వెటకారం ఉంది, నిజమూ ఉంది. ఆమె పని నిజంగా కూర్చోవడమే.

సముద్రానికీ బకింగ్‌హాం కాలవకీ మధ్య ఇసుక మీద ఉంటుంది వాళ్ళ పాళెం. కాలవ దాటి పడమరగా పోతే, ఒకప్పుడు ఉప్పు పండించే కొటార్లు ఉన్న చోట ఇప్పుడు ఫ్యాక్టరీలు. వాటిలో ఒకదాంట్లో మందుల కంపెనీలకి కావలసిన రసాయనాలు తయారుచేస్తారు. చేయగా మిగిలిన మురికినీళ్ళు భూమిలోకి దించి కట్టిన పెద్ద ట్యాంకుల్లోకి చేరతాయి. ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఆపేసి, ఆ ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డిని మనుషులు దిగి గీకి తీస్తారు. దిగడానికీ ఎక్కడానికీ పైన ఒక్కటే దారి, మనిషి పట్టేంత గుండ్రటి రంధ్రం. లోపల మనిషి ఉన్నంతసేపూ ఆ మ్యాన్‌హోల్ పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉండాలి. దిగినవాణ్ణి చూస్తూ, మాట్లాడిస్తూ, తేడా వస్తే విజిల్ ఊది పిలవాలి. బదులు మనిషి వస్తే తప్ప మంచినీళ్ళకి కూడా లేవకూడదు. ఆ పనిని హోల్ వాచ్ అంటారు. అంకాలమ్మ నోట్లో అది "హోలువాచీ" అయింది.

ఆమె ఆ పనికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుడు కామెర్లతో పోయినాడు. పిల్లలు లేరు. అమ్మ కామమ్మ ఇంటికి తిరిగొచ్చేసింది. అప్పటికి తమ్ముడు శివ ఇంకా చిన్నవాడు. పుట్టినప్పటినుంచీ వాణ్ణి మోసింది అంకాలమ్మే. కామమ్మ చేపల గంపతో ఊళ్ళమీద పోతే, వీడు అక్క చంకలోనే తిని, చంకలోనే నిద్రపోయినాడు. పెద్దయినాక కూడా జ్వరమొస్తే అమ్మని కాకుండా అక్కనే పిలిచేవాడు. అమ్మకి కాళ్ళు సహకరించకుండా పోయినాక గంప అంకాలమ్మ నెత్తికెక్కింది. వెంకటాచలం దాకా బస్సులో పోయి వీధివీధీ తిరిగి అమ్మేది. ఆమె కేక వీధి మొదట్లో వేస్తే చివరింట్లో వాళ్ళు గిన్నె పట్టుకుని బయటికొచ్చేవాళ్ళు.

తర్వాత చేపలు తగ్గిపోయినాయి. పక్కన ఓడరేవు గోడ కట్టినాక పడవలు దించే చోటు దూరమైపోయింది. వల వేసి వచ్చినా డీజిల్‌కి కూడా రాని రోజులు వచ్చినాయి. పాళెంలో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరినారు. అంకాలమ్మా చేరింది. చీర మీద కంపెనీ ఇచ్చిన నీలంరంగు చొక్కా, నెత్తిన పసుప్పచ్చ టోపీ.

ఆమెని ఊడ్చే పని నుంచి తీసి మ్యాన్‌హోల్ దగ్గర కూర్చోబెట్టింది ప్రత్యూష. కోవూరు అమ్మాయి, సేఫ్టీ ఆఫీసరు. ఒకరోజు ఫ్యాక్టరీ రోడ్డు ఆ చివర లారీ వెనక్కి వస్తూ ఉంటే, ఈ చివర నుంచి అంకాలమ్మ వేసిన కేకకి డ్రైవరు బ్రేకు తొక్కినాడు. లారీ వెనక నిలబడి ఫోను చూసుకుంటున్న మనిషి బతికిపోయినాడు. ఆ కేక విన్న ప్రత్యూష వచ్చి పేరు అడిగింది.

తర్వాత కొన్నిరోజులు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది.

"అక్కా, లోపల పనిచేసేవాడు ఉన్నట్టుండి పడిపోయినాడనుకోండి. ఏం చేస్తారు?"

"దిగి ఎత్తుకొస్తా మేడమ్."

"దిగితే మీరూ పడిపోతారు. ఆ గ్యాస్ వాడికొక లెక్క, మీకొక లెక్క అని చూడదు. మిమ్మల్ని చూసి మూడోవాడు దిగుతాడు. ఇట్లాంటి ప్రమాదాల్లో చచ్చిపోయేవాళ్ళు చాలామంది కాపాడదామని దిగినవాళ్ళే. అందుకని మీరు దిగకూడదు. ఇంకెవర్నీ దిగనివ్వకూడదు. గాలి సిలిండర్లు, మాస్కులు వేసుకుని ఫైర్ వాళ్ళు వస్తారు, వాళ్ళు దిగుతారు. అంతవరకూ లోపలున్నది ఎవరైనా సరే."

"సరే మేడమ్" అంది అంకాలమ్మ. అప్పుడు ఆ మాట అనడం తేలికే.

గ్యాస్ సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఆ మడ్డిలో పుట్టే గ్యాస్ కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. కంపు వస్తే వెంటనే పైకి రమ్మనాలి. కంపు ఆగిపోయిందంటే మాత్రం గ్యాస్ పోయిందని సంబరపడకూడదు. అది ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది. మడ్డి పైన గట్టిగా అట్ట కట్టి ఉంటుంది, దాన్ని పారతో పగలగొట్టినప్పుడు కింద దాగిన గ్యాస్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. పొద్దున గ్యాస్ కొలిచే మీటరు పెట్టి చూసినప్పుడు బాగున్న గాలి మధ్యాహ్నానికి బాగుండాలనేం లేదు.

అంకాలమ్మ ఈ పనిలో తనదైన పద్ధతి ఒకటి పెట్టుకుంది. మిగతావాళ్ళు "బాగుండావా?" అని అరిచి, లోపల నుంచి "ఊఁ" అంటే ఊరుకునేవాళ్ళు. ఆమెకి ఊఁ చాలదు. ఏం కూర తిన్నావు, నీ పెళ్ళాం పుట్టింటి నుంచి వచ్చిందా, మీ గేదె ఈనిందా, ఇట్లా అడుగుతూనే ఉండేది. జవాబు తడబడితే పైకి లాగించేది. "అంకాలమ్మక్క దగ్గర ట్యాంకులో దిగితే ఇంట్లో రహస్యాలు ఉండవు" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకున్నా, ఆమె కూర్చుంటేనే దిగుతామనేవాళ్ళు ఎక్కువ.

శివని ట్యాంకుల్లో దిగే గ్యాంగులో చేర్పించింది కూడా ఆమే. వాడు కావలి దగ్గర పల్లె నుంచి రోజాని చేసుకుని పాళెంలోనే వేరే ఇంట్లో కాపురం పెట్టినాడు. పెళ్ళయినాక చెన్నై పడవల మీద పోతానన్నాడు. పోతే నెలల తరబడి తిరిగి రారు. అంకాలమ్మకి అది ఇష్టం లేకపోయింది. ట్యాంకులు కడిగే కాంట్రాక్టు సూపర్‌వైజరు కిషోర్‌ని అడిగింది. "మా తమ్ముడు సారూ, కండ ఉండాది, మాట వింటాడు" అని చెప్పింది. కిషోర్ తీసుకున్నాడు. అట్లా శివ లోపలికి దిగేవాడు, ఆమె పైన కూర్చునేది. రెండేళ్ళు బాగానే గడిచింది.

ఫ్యాక్టరీ ఆపేసిన ఆ వేసవి షట్‌డౌన్‌లో అందరూ చిరాగ్గా ఉన్నారు. రోహిణి ఎండలు. పని ఆలస్యమైందని పైనుంచి తొందర. ఒకేసారి చాలా చోట్ల పని జరుగుతోంది. ప్రత్యూష పొద్దున్నే వచ్చి మురికి ట్యాంకులో మీటరు దించి చూసింది, బాగుందంది. పైనుంచి లోపలికి గాలి కొట్టే బ్లోయరు, దాని లావుపాటి గొట్టం మ్యాన్‌హోల్లో పెట్టి ఉన్నాయా లేదా చూసింది. రంధ్రం మీద మూడు కాళ్ళ స్టాండు, దానికి తాడు, తాడు కొస శివ వీపున బెల్టుకి. అన్నీ చూసుకుని ఇంకో ట్యాంకు దగ్గరికి పోయింది.

శివ దిగినాడు. గ్యాంగులో అతని జోడీ పెంచల్ పైన బకెట్లు లాగుతున్నాడు. మధ్యాహ్నం భోజనాలకి ఇంకొంచెం సేపుందనగా, లోపల తాడు మడ్డిని కలియబెట్టే రెక్కలకి చుట్టుకుంది. శివ దాన్ని విడదీయలేక వీపు నుంచి కొక్కెం తీసేసినాడు.

తాడు వదులవడం అంకాలమ్మ చేతికి తెలిసింది.

"శివా, తాడు తీసినావా?"

"చుట్టుకునిందక్కా. ఈ మూల ఒకటి గీకేసి తగిలించుకుంటా."

"వద్దు. ముందు తగిలించు. లేదా పైకి రా."

"వస్తా వస్తా" అన్నాడు. పార మడ్డిలో దిగబడిన చప్పుడు వినిపించింది.

అదే సమయానికి బ్లోయరు ఆగిపోయింది. అటువైపు వెల్డింగ్ చేసేవాళ్ళు తమ మిషను తగిలించుకోవడానికి బోర్డులో వైరు లాగేసినారని తర్వాత తెలిసింది. అది ఏ వైరో వాళ్ళు చూసుకోలేదు. హోరున తిరిగేది ఒక్కసారిగా ఆగేసరికి అక్కడంతా నిశ్శబ్దమైపోయింది.

"శివా, పైకి రా! పార పడేసి పైకి రా!"

అతను నిచ్చెన వైపు తిరిగినాడు. తల ఎత్తి ఆమెని చూసినాడు. మొహంలో భయం కూడా లేదు, బాగా అలిసిపోయినవాడిలా ఉన్నాడు. నిచ్చెన మెట్టు మీద చెయ్యి వేసి, ఒకసారి కూర్చుని లేద్దామన్నట్టుగా మెల్లగా కూర్చున్నాడు. చెయ్యి జారిపోయింది. పక్కకి ఒరిగిపోయినాడు. కుళ్ళిన గుడ్ల కంపు అంకాలమ్మ మొహానికి కొట్టింది.

ఆమె విజిల్ ఊదింది. ఊదుతూనే ఉంది. తాడు లాగి చూసింది. ఖాళీ కొక్కెం రెక్కలకి తగులుకుని బిగిసిపోయింది, పైకి రాలేదు.

ముందు పరిగెత్తుకొచ్చింది, బకెట్టు పారబోయడానికి పోయిన పెంచల్. లోపలికి చూసినాడు, వెంటనే ఒక కాలు మ్యాన్‌హోల్లో పెట్టేసినాడు. అంకాలమ్మ అతని చొక్కా వెనక నుంచి పట్టుకుని గుంజింది. చొక్కా చిరిగింది. మళ్ళీ పట్టుకుంది, ఈసారి జుట్టు.

"వదులక్కా! శివ పోతాడు!"

"దిగితే నువ్వూ పోతావు. పో, బ్లోయరు పెట్టు! యాడ కరెంటుంటే ఆడ తగిలించు! పో!"

పెంచల్ ఆమె మొహం చూసి ఒక్క క్షణం ఆగి, పరిగెత్తినాడు. అప్పటికే చుట్టూ జనం. కిషోర్ వచ్చినాడు. ఇంకెవరో ఇద్దరు తడిగుడ్డలు మొహానికి కట్టుకుంటూ వస్తున్నారు. తడిగుడ్డ ఆ గ్యాస్‌ని ఆపదు. అందర్నీ ఒక్కతే చేత్తో ఆపలేనని ఆమెకి అర్థమైంది. గాలిగొట్టం రంధ్రంలో సగం ఆక్రమించి ఉంది. మిగిలిన సగం మీద ఆమె అడ్డంగా కూర్చుంది. ఒక కాలు స్టాండు కాలికి మెలేసుకుంది. రెండు చేతులతో ఇనప అంచు పట్టుకుంది. ఎండకి కాలిన ఇనుము అరచేతుల్ని కాల్చింది.

"లెయ్ అంకాలమ్మా! మతి పోయిందా నీకు? లోపలున్నది నీ తమ్ముడే!" కిషోర్ ఆమె రెక్క పట్టుకుని లాగినాడు.

"తెలుసు సారూ."

"తెలిసి కూర్చున్నావా? లెయ్!"

"సిలిండర్లు తెమ్మను. ఫైరోళ్ళని పిలవమను. నేను లెయ్యను."

ఫైర్ బండి ఫ్యాక్టరీ ఆ చివర గేటు దగ్గర ఉంది. గాలి సిలిండర్లు అన్నీ ఆ బండిలోనే. రావాలంటే పైపుల వంతెనలు చుట్టుకుని రావాలి. షట్‌డౌన్ సామాన్లతో దారి నిండిపోయి ఉంది. ఎవరో ఫోన్ చేసినారు, ఎవరో పరిగెత్తినారు. అవతలి ట్యాంకు దగ్గర నుంచి ప్రత్యూష గొంతు వినబడుతోంది, దారి ఖాళీ చేయించమని అరుస్తోంది.

బ్లోయరు మళ్ళీ మొదలైంది. పెంచల్ ఎక్కడి నుంచో వైరు లాక్కొచ్చి తగిలించినాడు. గొట్టం ఉబ్బి, అంకాలమ్మ తొడకి ఆనుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. గాలి లోపలికి పోతోంది. గొట్టం కొస నిచ్చెన మొదట్లోనే ఉంది, శివ పడ్డ చోటుకి దగ్గర. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసిందల్లా అదొక్కటే. దాన్నే పట్టుకుని కూర్చుంది.

"శివా, గాలొస్తా ఉండాది. పీల్చు. పీలుస్తా ఉండు నాయనా. వస్తా ఉండారు."

తల పక్కకి తిప్పుకుని, గాలి తగిలేవైపు మొహం పెట్టి, మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో ఆమెకి గుర్తులేదు. చుట్టూ కొట్లాడుకుంటున్నట్టు మనుషుల అరుపులు, కిషోర్ తిట్లు. ఎవరో ఏడుస్తున్నారు. అది పెంచల్.

అప్పుడు లోపల నుంచి వినిపించింది. "అక్కా" అని.

కేక కాదు. జ్వరంలో పిలిచేవాడే, అట్లా.

అంకాలమ్మ లేవలేదు. లేస్తే తానే దిగిపోతుందని ఆమెకి తెలుసు. తనని ఆపేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు, ఆపాల్సిన మనిషి తానే. కాలు స్టాండుకి ఇంకా గట్టిగా మెలేసుకుంది. "ఉండా నాయనా, ఈడనే ఉండా" అంది. వాడు రెండోసారి పిలవలేదు.

ఫైర్ వాళ్ళు వచ్చినాక ఆమె చేతుల్ని అంచు నుంచి ప్రత్యూష విడదీయాల్సి వచ్చింది. మాస్కులు వేసుకున్న ఇద్దరు దిగి శివ బెల్టుకి తాడు తగిలించి పైకి పంపినారు. మొహం బూడిదరంగులో ఉంది. ఊపిరి ఉంది. ఆక్సిజన్ పెట్టి నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయినారు.

పాళెంలోకి వార్త అంబులెన్సు కంటే ముందు పోయింది. ఆస్పత్రి వరండాలో అంకాలమ్మ కాలిన చేతులకి కట్లు కట్టించుకుని వచ్చేసరికి కామమ్మ, రోజా బెంచీ మీద ఉన్నారు. కామమ్మ లేచి నిలబడింది.

"నీ తమ్ముడు లోపల చస్తా ఉంటే నువ్వు పైన మూతేసినట్టు కూర్చున్నావంటనే?"

"దిగితే ఇద్దరం పోయేవాళ్ళం మా."

"పోతే పోయేవాళ్ళు. నేను ఇద్దరికీ ఏడ్చుకునేదాన్ని. ఇట్టా ఒకడు లోపల, ఒకతి పైన... ఎట్టా కూర్చున్నావే?"

రోజా బెంచీ మీద పక్కకి జరిగి చోటు ఇస్తుందేమోనని అంకాలమ్మ చూసింది. ఇవ్వలేదు.

సాయంత్రం ప్రత్యూష వచ్చి వాళ్ళకి చెప్పడానికి ప్రయత్నించింది. అంకాలమ్మ అట్లా కూర్చోకపోయుంటే పెంచల్, వాడి వెనక ఇంకో ఇద్దరు లోపల పడేవాళ్ళనీ, రంధ్రంలో మనుషులు ఇరుక్కుంటే గాలి కూడా పోయేది కాదనీ, శివ బతికింది ఆ గాలితోనేననీ చెప్పింది. కామమ్మ అంతా విని, "మీరు చదువుకున్నోళ్ళు తల్లీ, మీకు అట్టా అనిపిస్తాది" అంది. ప్రత్యూష పోవడానికి లేచింది. పోతూ అంకాలమ్మ పక్కన కాసేపు నిలబడింది. "మీటరు అడుగు దాకా దించి మధ్యమధ్యలో మళ్ళీ చూడాల్సింది నేను. ఆ బ్లోయరుకి వేరే కరెంటు లైను పెట్టించాల్సింది నేను" అంది. ఆమె కూడా ఏడుస్తోందని అంకాలమ్మ అప్పుడు గమనించింది.

శివ బతికినాడు. కానీ ఇంటికి వచ్చిన మనిషి వేరు. మాట మధ్యలో ఏం చెబుతున్నాడో మర్చిపోయేవాడు. ఇంట్లో తలుపు వేస్తే కేకలు పెట్టేవాడు. వరండాలోనే పడుకునేవాడు, దోమలు కుట్టినా సరే. స్నానాల గదిలోకి పోకుండా పెరట్లో పోసుకునేవాడు. నోటి మీద దుప్పటి పడితే ఉలిక్కిపడి లేచేవాడు. అక్క వస్తే మాత్రం లేచి సముద్రం వైపు పోయేవాడు.

కారణం రోజా చెప్పింది, ఒకరోజు కుళాయి దగ్గర. "ఆయనకి ఒక్కటే గుర్తుండాది వదినా. లోపల పడుంటే పైన గుండ్రంగా వెలుగు కనపడతా ఉండాదంట. నువ్వు కనపడతా ఉండావంట. తర్వాత ఆ వెలుగు ఆరిపోయిందంట. నువ్వే దాని మీద కూర్చున్నావని తెలిసిందంట. పిలిస్తే కూడా లెయ్యలేదంట." బిందె నిండి పొర్లుతున్నా రోజా చూసుకోలేదు. "అది తప్ప ఇంకేం గుర్తులేదు ఆయనకి."

అంకాలమ్మ ఇంటికి వచ్చి కూర్చుంది. తాను గాలి గురించీ, పెంచల్ గురించీ, ఫైర్ బండి గురించీ ఆలోచించింది. లోపలున్న మనిషికి అవేవీ కనబడవు కదా. కనబడేది మూసుకుపోయిన రంధ్రమే. ఎవరు ఎంత చెప్పినా ఆ చిత్రం మారదు. పాళెంలో ఎవరూ ఆమెని మొహాన తిట్టలేదు. కానీ ఆమె పోతుంటే మాటలు ఆగిపోయేవి. పెంచల్ తల్లి ఒక్కతే ఒకసారి వచ్చి, ఆమె కట్టుకట్టిన చేతులు పట్టుకుని కూర్చుని పోయింది.

పని మానేద్దామనుకుంది. మానేసి ఏం చేయాలి? గంపలో వేసుకోవడానికి చేపలు లేవు. రొయ్యల షెడ్లలో చలిగదుల పనికి కాలిన అరచేతులు పనికిరావన్నారు. చేతులు మానినాక మళ్ళీ అదే గేటు, అదే నీలంచొక్కా. గేటు దాటిన ప్రతిసారీ ఆమె ఎవరి మొహమూ చూడకుండా తల వంచుకునేది. ఇంటికొస్తే ఇంట్లోనూ అదే. ఫ్యాక్టరీకీ పాళేనికీ మధ్య కాలవ వంతెన మీద నడిచేటప్పుడు మాత్రం కాస్త ఊపిరి ఆడేది. అక్కడ నెమ్మదిగా నడిచేది.

ఫ్యాక్టరీలో కొన్ని మారినాయి. ప్రత్యూష పట్టుబట్టి మార్పించింది. మనిషి దిగే ప్రతి ట్యాంకు పక్కనే గాలి సిలిండర్లు, మాస్కులు, వాటిని వేసుకోవడం వచ్చిన ఇద్దరు. బ్లోయరుకి వేరే బోర్డు, దానికి తాళం. మీటరు మనిషి బెల్టుకే ఉంటుంది, గ్యాస్ తగిలితే అదే కూస్తుంది. అన్నిటికంటే పెద్దది, నాలుగు ట్యాంకులకి అసలు మనిషి దిగనక్కర లేకుండా పైనుంచే నీళ్ళు జోరుగా కొట్టి, మడ్డిని పంపుతో లాగే మిషను వచ్చింది. "మనిషి దిగితే ఎట్లా కాపాడాలి అని ఆలోచించడం తర్వాత సంగతి అక్కా. దిగకుండా చేయగలమా అన్నది ముందు అడగాలి" అంది ప్రత్యూష. ఆ మిషను మొదటిసారి పనిచేసిన రోజు అంకాలమ్మ దూరంగా నిలబడి చూసింది. నల్లటి నీళ్ళు గొట్టంలో పోతున్నాయి. ట్యాంకు దగ్గర మనిషి లేడు. ఇది ముందే రాలేదే అనుకుంది.

కానీ అన్ని ట్యాంకులకీ ఆ మిషను పట్టదు. లోపల రెక్కలు, పైపులు ఉన్న ట్యాంకుల్లో ఇప్పటికీ మనిషి దిగాలి. ఆ ట్యాంకుల దగ్గర ఇప్పటికీ అంకాలమ్మ కూర్చుంటుంది.

శివ కాలవలో పీతల బుట్టలు వేసుకోవడం మొదలుపెట్టినాడు. చిన్న పడవ, నాలుగువైపులా ఖాళీ, పైన ఆకాశం. ఆ పనిలో మాత్రం నెమ్మదిగా ఉండేవాడు. వానలు తగ్గినాక ఒక ఆదివారం మధ్యాహ్నం అంకాలమ్మ గట్టు మీద పోతుంటే, అతను పడవని ఒడ్డుకి తెచ్చి, మొదటిసారి తానే పిలిచినాడు.

"అక్కా."

ఆమె ఆగిపోయింది.

"ఆ పొద్దు నేను పిలిచింది నీకు వినపడిందా? బ్లోయరు చప్పుడుకి వినపడలేదేమో అంటాది రోజా."

వినపడలేదని చెప్తే అక్కడితో తీరిపోయేది. రోజా ఆ దారి ఆమె కోసమే వేసి పెట్టింది. అంకాలమ్మ గట్టు మీద కూర్చుంది.

"వినపడింది."

శివ పడవలో బుట్టని అటూ ఇటూ తిప్పినాడు. అందులో ఉన్న పీత ఒకటి తాడు పట్టుకుని వదలడం లేదు.

"వినపడీ లెయ్యలేదు."

"లెయ్యలేదు. లేచింటే దిగేసుండేదాన్ని. నా వెనక పెంచల్ దిగుండేవాడు."

"అది నాకు తెలుసు. మేడమ్ ఇంటికొచ్చి బొమ్మ గీసి చెప్పింది. పెంచలూ చెప్పినాడు. వాడు చిరిగిన చొక్కా తెచ్చి చూపించినాడు నాకు." కాసేపు ఆగినాడు. మాట తప్పిపోయిందేమో అనుకుంది ఆమె. తప్పిపోలేదు. "తెలిసినా కళ్ళు మూస్తే అదే వస్తాదక్కా. నీ కాళ్ళు కనపడతాయి. చీకటి. నేనేం చేసేది?"

"నాకూ అంతే నాయనా. ఏ మ్యాన్‌హోల్లోకి చూసినా నువ్వే కనపడతావు."

"మానెయ్ ఆ పని."

"మానితే ఎవరినో కూర్చోబెడతారు. తాడు వదులైతే తెలియనోళ్ళని. పెంచలు ఇంకా దిగతా ఉండాడు కదా."

పీతని తాడు నుంచి విడదీసే ప్రయత్నంలో శివ వేలికి గాటు పడింది, నెత్తురు చూసుకుని కాలవ నీళ్ళలో ముంచినాడు. ఎండ వాలేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. అతను బుట్టలు తీసి ఇస్తుంటే ఆమె పీతల కాళ్ళు కట్టింది. మధ్యమధ్యలో రెండు మాటలు. ఒకసారి అమ్మ కాళ్ళ నొప్పుల గురించి, ఒకసారి రోజాకి నెల తప్పిన సంగతి. ఆ మాట అక్కకి ఇంకా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చినట్టు చెప్పినాడు. ఆమె తల వంచుకుని పీత కాళ్ళు కడుతూనే ఉంది, కాసేపటిదాకా తలెత్తలేకపోయింది.

ఇప్పుడు శివ అక్కతో మాట్లాడతాడు. పిల్ల పుట్టినాక ఎత్తుకోమని తెచ్చి ఇచ్చినాడు, తన వరండాలోనే, తలుపులన్నీ తెరిచి పెట్టిన ఇంటి ముందర. అక్క ఇంటికి మాత్రం రాడు. ఆ ఇంటికి కిటికీలు లేవు, ఒక్కటే తలుపు. అంకాలమ్మ అడగదు కూడా. కామమ్మ కూతురు పెట్టిన అన్నం తింటుంది, ఆ రోజు సంగతి ఎత్తదు.

షట్‌డౌన్ మొదలైతే అంకాలమ్మ పొద్దున్నే పోతుంది. దిగేవాడు ఎవరైనా, సిలిండర్లు పక్కన పెట్టేదాకా, మీటరు అడుగుదాకా దించి చూసేదాకా మ్యాన్‌హోల్ దగ్గర కూర్చోదు. కిషోర్ ఇప్పుడు తొందర పెట్టడు. దూరంగా నిలబడి వేచి ఉంటాడు. అన్నీ అయినాక ఆమె అంచు పక్కన కూర్చుని, తాడు చేతిలోకి తీసుకుని, లోపలికి వంగి అడుగుతుంది.

"పెంచలూ, ఈ పొద్దు ఏం కూర?"